‘బాలేదు సార్’ అంటే ఏంటి? వార్డులో అందరికీ ఒకే భాష ఎందుకు కావాలి

రాత్రి రెండున్నర. సర్జికల్ వార్డు నుంచి నైట్ డ్యూటీ సిస్టర్ డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తుంది.

“సార్, పన్నెండో బెడ్ పేషెంట్ బాలేదు సార్.”

“ఏమైంది?”

“కొంచెం డల్‌గా ఉన్నాడు సార్. ఆయాసంగా ఉందంటున్నాడు.”

“బీపీ ఎంతుంది?”

“చూసి చెప్తాను సార్.”

“చూడండి. సెలైన్ నడుస్తోందిగా, నడవనివ్వండి. పొద్దున రౌండ్స్‌లో చూద్దాం.”

ఏ ఊరి ఆస్పత్రిలోనైనా వినిపించే మాటలే ఇవి. ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ తమ పని తాము చేశామనే అనిపిస్తుంది. కానీ సిస్టర్ మనసులో ఉన్నది ‘మీరు ఇప్పుడే రావాలి’ అన్న మాట. డాక్టర్ చెవిన పడింది ‘మీకు ఒక మాట చెప్పి ఉంచుతున్నాను’ అన్న మాట. పన్నెండో బెడ్ మీదున్న మనిషి బతుకు ఆ రెండు మాటల మధ్య వేలాడుతోంది.

ఇందులో నిర్లక్ష్యం వెతికితే దొరకదు. ఇద్దరూ తమకు నేర్పిన పద్ధతిలోనే మాట్లాడారు. నర్సింగ్ కాలేజీలో చూసింది చూసినట్టు వర్ణించమని చెప్తారు, జబ్బు పేరు చెప్పడం మీ పని కాదని పదేపదే గుర్తు చేస్తారు. మెడికల్ కాలేజీలో అసలు విషయం ఏంటో మొదటి వాక్యంలోనే తేల్చమంటారు. ఒకరు కథ చెప్పడం నేర్చుకున్నారు, ఇంకొకరు హెడ్‌లైన్ వినడం నేర్చుకున్నారు. ఫార్మసిస్ట్, ఫిజియోథెరపిస్ట్, ల్యాబ్ టెక్నీషియన్, డైటీషియన్, అందరిదీ ఇదే పరిస్థితి. ఎవరి చదువు వాళ్లది, ఎవరి మాట తీరు వాళ్లది. పేషెంట్ మాత్రం ఒక్కడే.

అదే ఫోన్ ఇంకోలా చేస్తే ఇలా ఉంటుంది:

“సార్, సర్జికల్ వార్డు స్టాఫ్ నర్స్‌ని. పన్నెండో బెడ్ గురించి. గంట నుంచి బీపీ పడిపోతోంది, ఇప్పుడు 86 బై 50. పల్స్ 124, ఊపిరి నిమిషానికి 28, ఆక్సిజన్ లేకుండా శాచురేషన్ 91. నిన్న పేగు ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది. రాత్రి పదింటికి పై బీపీ 118 ఉండేది. మూడు గంటల్లో యూరిన్ 40 ఎంఎల్ మాత్రమే వచ్చింది. లోపల బ్లీడింగ్ గానీ సెప్సిస్ గానీ మొదలైందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. ఈలోగా ఆక్సిజన్ పెడుతున్నాను, బ్లడ్ శాంపిల్స్ కూడా పంపమంటారా?”

అర నిమిషం పట్టే మాటలు. ఇది విన్నాక ‘పొద్దున చూద్దాం’ అనడం ఏ డాక్టర్‌కీ తేలిక కాదు.

ఈ వరుసకి ఎస్‌బార్ అని పేరు. ముందు ఇప్పుడున్న పరిస్థితి, తర్వాత దాని వెనకున్న నేపథ్యం, తర్వాత చెప్పేవాళ్ల అంచనా, చివరికి ఏం చేయాలన్న సూచన. ఆ నాలుగింటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలే ఈ పేరు. దీని పుట్టుక ఆస్పత్రిలో జరగలేదు. అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల సిబ్బంది తమ అధికారికి పరిస్థితిని క్లుప్తంగా చెప్పడానికి వాడిన పద్ధతి ఇది. నేవీలో పనిచేసి వచ్చిన డగ్ బోనకమ్, డాక్టర్ మైఖేల్ లెనార్డ్, వాళ్ల సహోద్యోగులు కలిసి 2000 దశకం తొలి ఏళ్లలో అమెరికాలోని కైజర్ పర్మనెంటే అనే సంస్థ ఆస్పత్రుల్లోకి దీన్ని తెచ్చారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మన నర్సింగ్ విద్యార్థులకూ ఈ పేరు కొత్త కాదు, పరీక్షలో అడిగితే నాలుగూ వరసగా రాసేస్తారు.

చిక్కంతా నాలుగో దాని దగ్గరే ఉంది.

‘ఏం చేయాలో నేను చెప్పడమా?’

పరిస్థితి చెప్పడానికి ఎవరూ భయపడరు. నేపథ్యం కేస్ షీట్‌లోనే ఉంటుంది. మూడోదైన అంచనా దగ్గర గొంతు కాస్త తగ్గుతుంది. నాలుగోదైన సూచన దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర చాలామంది సిస్టర్లు ఆగిపోతారు. ‘మీరు రావాలి సార్’ అనడం ఒక కోరికలా కాకుండా ఆజ్ఞలా వినిపిస్తుందేమో, ‘నాకు చెప్పేంతదానివా’ అంటారేమో అన్న టెన్షన్. తెలుగులో ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. మాట మాటకీ ‘సార్’, ‘మేడమ్’ తగిలించే అలవాటున్న చోట, పెద్దవాళ్ల ముందు నేరుగా అడగకుండా చుట్టూ తిప్పి చెప్పడమే మర్యాద అయిన చోట, ‘కొంచెం చూస్తారా సార్’ అన్న మాటలో ప్రాణాపాయం దాక్కుని ఉంటుంది. ‘కొంచెం’ అన్న ఆ చిన్న మాట ఎన్ని ఎమర్జెన్సీలను చిన్నబుచ్చిందో వార్డుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు.

అందుకే ఇలాంటి పద్ధతుల అసలు విలువ పదాల వరుసలో లేదని నా అభిప్రాయం. అవి చెప్పేవాళ్లకు ఒక అనుమతి ఇస్తాయి. సూచన చెప్పడం ఫారంలో ఒక భాగమైనప్పుడు, అది సిస్టర్ చూపించిన చొరవ కాదు, ఆమె డ్యూటీ. వినే డాక్టర్‌కి కూడా అది ధిక్కారంగా అనిపించదు, రావాల్సిన నాలుగో వాక్యంలా అనిపిస్తుంది.

ఈ పాఠాన్ని విమానయానం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదురుగా ఇంకో విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో అని, టేకాఫ్ మొదలుపెట్టిన విమానం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ అనుమానం వ్యక్తం చేశాడు. సీనియర్ కెప్టెన్ ఖాళీ అయిందని కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఇంజనీర్ మళ్లీ అడగలేదు. ఆ తర్వాతి ఏళ్లలో కాక్‌పిట్ సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలన్నది శిక్షణలో భాగమైంది.

ఆస్పత్రిలో అలాంటి ఘటన ఇంగ్లండ్‌లో 2005లో జరిగింది. సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చాక ఒక మహిళకు శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవమున్న డాక్టర్లు గొంతులోకి ట్యూబ్ వేయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఒక నర్సు మెడ దగ్గర రంధ్రం చేసి గాలి అందించే ట్రకియాస్టమీ సెట్ తెచ్చి, తెచ్చానని చెప్పింది. ఐసీయూలో బెడ్ కూడా అడిగారు. ఏం చేయాలో ఆ గదిలో కొందరికి తెలుసు. తెలిసిన మాట చేయగలిగే చేతుల దాకా చేరలేదు. చనిపోయిన ఆ మహిళ భర్త మార్టిన్ బ్రోమిలీ పైలట్. తన వృత్తిలో నేర్చుకున్నది వైద్యంలో ఎందుకు లేదని అడుగుతూ ఆయన ఒక సంస్థనే స్థాపించారు. డాక్టర్ల మీద పగతో కాదు, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని.

అలాంటి క్షణం కోసం అమెరికాలో తయారైన టీమ్‌స్టెప్స్ అనే టీమ్‌వర్క్ శిక్షణలో మూడు మెట్ల మాట ఒకటి ఉంది. ముందు ‘నాకు ఆందోళనగా ఉంది’. వినకపోతే ‘ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు’. అప్పటికీ వినకపోతే ‘ఇది పేషెంట్ సేఫ్టీకి సంబంధించిన విషయం, ఆగండి’. మూడో మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అందరూ చేస్తున్న పని ఆపాలన్నది ముందే కుదుర్చుకున్న ఒప్పందం. దీన్ని మన ఆస్పత్రి తనకు నప్పే తెలుగులో ఒక వాక్యంగా ఖాయం చేసుకోవచ్చు. ‘సార్, సేఫ్టీ విషయం, ఒక్క నిమిషం ఆగుదాం.’ ఇందులో అమర్యాద ఏమీ లేదు.

అంకెలు అందరివీ

మాటల్లో తేలనిది అంకెల్లో తేలుతుంది. బిడ్డ పుట్టిన వెంటనే ఎలా ఉందో చెప్పడానికి 1952లో అమెరికన్ మత్తు డాక్టర్ వర్జీనియా అప్గార్ ఒక స్కోరు ప్రతిపాదించారు. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0 నుంచి 2. ఇవాళ మారుమూల పీహెచ్‌సీ లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్స్ రాసిన అంకె జిల్లా ఆస్పత్రిలో పిల్లల డాక్టర్‌కి వెంటనే అర్థమవుతుంది. ‘బిడ్డ కాస్త నీరసంగా ఏడ్చింది’ అంటే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు. ఐదో నిమిషంలో స్కోరు 4 అంటే అందరికీ అర్థం ఒకటే. తల గాయాలప్పుడు స్పృహ ఎంతుందో అంకెల్లో చెప్పే, 1974లో వచ్చిన గ్లాస్గో స్కేల్ కూడా అంతే. ‘మగతగా ఉన్నాడు’ అన్న మాటలో అరగంట క్రితానికీ ఇప్పటికీ తేడా కనపడదు. 13 నుంచి 9కి పడిందంటే అంబులెన్స్‌లో ఉన్న టెక్నీషియన్‌కీ న్యూరోసర్జన్‌కీ ఒకేసారి గుండె ఝల్లుమంటుంది.

పైన చెప్పిన పన్నెండో బెడ్ పేషెంట్‌నే తీసుకుందాం. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే ‘న్యూస్’ స్కోరు ప్రకారం లెక్కేస్తే ఊపిరి 28కి 3, శాచురేషన్ 91కి 3, పై బీపీ 86కి 3, పల్స్ 124కి 2. జ్వరం, స్పృహ లెక్కలోకి తీసుకోకముందే 11. ఆ పద్ధతిలో 7 వస్తేనే చాలు, ఎమర్జెన్సీ టీమ్‌ని పిలవాలి. సిస్టర్ ‘బాలేదు సార్’ అన్నప్పుడు ఆమె కళ్లు చూసింది ఈ 11నే. దాన్ని చెప్పడానికి ఆమె చేతిలో అంకె లేదు, అంతే.

అయితే పేషెంట్ నోటి నుంచి వచ్చే మాట దగ్గర అంకెలు సరిపోవు. ‘ఆయాసం’ అన్న మాటకి నిఘంటువులో అర్థం శ్రమ, అలసట. వాడుకలో కొందరికి అది ఊపిరి అందకపోవడం, ఇంకొందరికి ఒట్టి నీరసం. ‘గ్యాస్ పట్టేసింది’ అని వచ్చినవాళ్లలో గుండెపోటు వచ్చినవాళ్లూ ఉంటారు. ‘వేడి చేసింది’ అంటే నోటి పూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, విరేచనాలు కావచ్చు. ఇంగ్లిష్‌లో కేస్ షీట్ రాసేటప్పుడు ఈ మాటలన్నీ ఎవరో ఒకరు తమకు తోచిన ఇంగ్లిష్ పదంలోకి మార్చేస్తారు. ఆ మార్పిడి ఎక్కడ తప్పిందో తర్వాతివాళ్లకు తెలిసే దారి లేదు. పేషెంట్ అన్న మాటను తెలుగులోనే కోట్స్ పెట్టి రాసి, పక్కన ‘నాలుగు మాటలు ఆగకుండా మాట్లాడలేకపోతున్నాడు’ అని చూసింది రాస్తే చాలు. కేరళ నుంచి వచ్చిన సిస్టర్, ఉత్తరాది నుంచి వచ్చిన పీజీ ఒకే వార్డులో పనిచేసే హైదరాబాద్ లాంటి చోట ఈ చిన్న జాగ్రత్త మరీ అవసరం.

పొట్టి రాతల గురించి కూడా ఒక మాట. ఓడీ అంటే మన ప్రిస్క్రిప్షన్‌లో రోజుకి ఒకసారి. కంటి డాక్టర్ల లాటిన్ అలవాటులో అదే కుడి కన్ను. ఇన్సులిన్ యూనిట్లకు రాసిన ఇంగ్లిష్ యూ అక్షరం సున్నాలా కనపడి 4 యూనిట్లు 40 కాగలవు. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఇలాంటి రాతల జాబితా ఒకటి ఇచ్చి వాటిని వాడొద్దని నిషేధించింది. ఇక్కడ ఏ ఆస్పత్రైనా దీన్ని రేపే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

కాగితం ఒకటే, ఫలితం వేరు

ఆపరేషన్ థియేటర్‌లో అందరూ కలిసి చదివే 19 అంశాల చెక్‌లిస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటికి వెళ్లే ముందు, మూడు చోట్ల ఆగాలి. కోతకు ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పుకోవాలి. ఎనిమిది నగరాల్లో దీన్ని పరీక్షిస్తే, అందులో న్యూఢిల్లీ కూడా ఉంది, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఆ ఫలితాలు 2009 జనవరిలో వచ్చాయి.

తర్వాత కెనడాలోని ఒంటారియోలో చెక్‌లిస్ట్ వాడాలని ఆస్పత్రుల మీద ఒత్తిడి తెచ్చారు. 101 ఆస్పత్రుల లెక్కలు 2014లో బయటికి వచ్చాయి. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం అదే, టిక్కులు దాదాపు నూరు శాతం. ఈ తేడాకి కారణాల మీద వాదనలు చాలా జరిగాయి. నాకు మాత్రం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పైనుంచి ఆర్డర్ వచ్చిందని కాగితం నింపడం వేరు, పేరు చెప్పుకున్న థియేటర్ అసిస్టెంట్ ఐదు నిమిషాల తర్వాత ‘సార్, ఎడమ కాలు కదా?’ అని అడగగలగడం వేరు. పేర్లు చెప్పించేది ఆ రెండో దాని కోసమే. ఒకసారి నోరు విప్పిన మనిషికి రెండోసారి విప్పడం సులువు. మన థియేటర్లలోనూ ఆ కాగితం ఉంది. ఆపరేషన్ అయిపోయాక ఒకరే కూర్చుని అన్ని గళ్లూ టిక్ పెట్టే అలవాటు పోతే తప్ప అది ఉన్నా లేనట్టే.

డ్యూటీ మారేటప్పుడు అప్పగింతలదీ ఇదే దారి. అమెరికాలో తొమ్మిది పిల్లల ఆస్పత్రుల్లో ఐపాస్ అనే అప్పగింత పద్ధతిని శిక్షణతో సహా పెడితే వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గినట్టు 2014లో తేలింది. అందులో చివరి మెట్టు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది: విన్నవాళ్లు విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ‘సరే సరే’ అని తలూపితే అప్పగింత పూర్తయినట్టు కాదు.

పక్షవాతం వచ్చిన రైతు, ఐదుగురు నిపుణులు

ఎమర్జెన్సీ కాని చోట ఈ సమస్య నెమ్మదిగా, కనపడకుండా నష్టం చేస్తుంది. ఉదాహరణకి 58 ఏళ్ల రైతు. కుడి వైపు పక్షవాతం, మాట తడబాటు. న్యూరాలజిస్ట్ మెదడులో ఏ రక్తనాళం మూసుకుపోయిందో, ఏ మందులు వాడాలో రాశారు. ఫిజియో కుడి కాలు బలం ఐదుకి మూడు, రోజూ నడిపించాలి అన్నారు. పడిపోతాడేమోనని సిస్టర్ ‘అటెండర్, మంచం దిగనివ్వకండి’ అని ఇంట్లోవాళ్లకు చెప్పింది. మింగేటప్పుడు దగ్గు వస్తోంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చిక్కటివే పెట్టండి అని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. డైట్ షీట్‌లో మాత్రం ‘లిక్విడ్ డైట్’ అని ఉంది, కొడుకు కొబ్బరి నీళ్లు పట్టాడు. అందరూ తమ పుస్తకం ప్రకారం మంచి మనసుతోనే చెప్పారు. ఆ పూట రాత్రికి పెద్దాయనకు జ్వరం, దగ్గు.

భార్య అడుగుతున్నది ఒక్కటే: “బాత్రూమ్‌కి ఆయనంతట ఆయన పోగలడా అయ్యా?”

ఐదుగురి నోట్స్‌లో ఎక్కడా ఈ ప్రశ్న లేదు. 2001 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన ఐసీఎఫ్ అనే వర్గీకరణ సరిగ్గా ఈ ఖాళీ కోసం వచ్చింది. జబ్బులకు కోడ్‌లు ఇచ్చే పుస్తకం అప్పటికే ఉంది. జబ్బుతో మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పే భాష ఇది. శరీరంలో ఏం పాడైంది, ఏ పనులు చేసుకోలేకపోతున్నాడు, ఏ జీవితానికి దూరమయ్యాడు, చుట్టూ ఉన్నది సాయపడుతోందా అడ్డుపడుతోందా. ఈ రైతు విషయంలో శరీరం అంటే కుడి వైపు బలహీనత, మింగడంలో ఇబ్బంది. పని అంటే లేచి బాత్రూమ్‌కి వెళ్లడం. జీవితం అంటే పొలం, ఊరి రచ్చబండ. చుట్టూ ఉన్నది అంటే పెరట్లో దూరంగా ఉన్న గొంతుక్కూర్చునే దొడ్డి, ఎత్తైన గడప. ఈ చివరిది ఏ స్కాన్‌లోనూ కనపడదు, కానీ ఆయన లేచి తిరుగుతాడా లేదా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంది.

నిజానికి ఐసీఎఫ్ కోడ్‌లు వార్డులో ఎవరూ బట్టీ పట్టాల్సిన పని లేదు, అవి పరిశోధకులకు ఉంటాయి. ఆ నాలుగు ప్రశ్నలు చాలు. కేస్ షీట్ మొదటి పేజీలో ‘మూడు వారాల్లో ఒకరి సాయంతో బాత్రూమ్‌కి నడిచి వెళ్లాలి’ అని తెలుగులో ఒక్క లైన్ రాస్తే, ఫిజియో దేనికోసం నడిపిస్తున్నారో సిస్టర్‌కి తెలుస్తుంది, మంచం దిగనివ్వకుండా కట్టడి చేయడానికి బదులు పక్కన నిలబడి దింపుతుంది. కొడుకు గడప పక్కన పట్టుకోవడానికి ఒక పైపు బిగిస్తాడు.

ఇలా మాట్లాడటం ఉద్యోగంలో చేరాక నేర్చుకోవడం కష్టం. వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. మన దగ్గర డాక్టర్లకు ఒక కమిషన్, నర్సులకు ఒక వ్యవస్థ, ఫార్మసీకి 1948 చట్టం కింద ఒక కౌన్సిల్. ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, డైటెటిక్స్ లాంటి 50కి పైగా వృత్తులకు 2021లో గానీ జాతీయ చట్టం రాలేదు. ఒకే క్యాంపస్‌లో మెడికల్, నర్సింగ్ కాలేజీలు పక్కపక్కనే ఉన్నా విద్యార్థులు కలిసేది క్యాంటీన్‌లోనే. నెలకొక పూట వాళ్లందరినీ ఒకే మానికిన్ (శిక్షణ కోసం వాడే మనిషి బొమ్మ) చుట్టూ నిలబెట్టి పన్నెండో బెడ్ ఫోన్ కాల్‌ని రిహార్సల్ చేయించడానికి ఏ కౌన్సిల్ అనుమతీ అక్కర్లేదు. డాక్టర్ కాబోయేవాళ్ల చేత సిస్టర్ పాత్ర వేయించాలి. ‘సూచన’ దగ్గర గొంతు ఎందుకు తడబడుతుందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

పల్లెల్లో ఈ పని కొంత జరిగే ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల జబ్బ చుట్టుకొలత కొలిచే టేపు చూడండి. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు (తీవ్రమైన పోషకాహార లోపం), 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. అంగన్‌వాడీ టీచర్, ఆశా, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టర్ చదువులు వేరు, శాఖలు వేరు. కానీ ఎరుపు అంటే నలుగురికీ ఒకటే అర్థం, చదువు రాని తల్లికి కూడా. ఎరుపు చూసిన ఆశా ‘ఈ బిడ్డని పంపాలి’ అనడానికి ఎవరి అనుమతీ అడగదు.

పెద్ద ఆస్పత్రిలో దీన్ని మొదలుపెట్టాలంటే ఒక వార్డు చాలు. ఫోన్ పక్కన నాలుగు లైన్ల స్టిక్కర్, మంచం దగ్గర స్కోరు వేసే చార్ట్, విన్న ఆర్డర్‌ని తిరిగి చదివే అలవాటు. పొద్దున రౌండ్స్‌కి ముందు పది నిమిషాలు అందరూ ఒకచోట నిలబడాలి, అందులో మొదట మాట్లాడాల్సింది రాత్రంతా పేషెంట్ పక్కన ఉన్న సిస్టర్. యూనిట్ చీఫ్ చివర్లో మాట్లాడాలి. పెద్దాయన ఒక మాట అనేశాక దానికి ఎదురు చెప్పేవాళ్లు మన వార్డుల్లో ఇంకా తక్కువే.